ఫోన్ జీపీఎస్‌ను పంచుకుంటే అవతలికి చేరేదేమిటి?

చాలా ల్యాప్‌టాప్‌లలో జీపీఎస్ చిప్ ఉండదు. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లలో ఉండదు. ఖరీదైన కెమెరాల్లోనూ చాలా వాటిలో కనిపించదు. అదే బ్యాగులో పడి ఉన్న ఫోన్‌లో మాత్రం అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైదూ ఉపగ్రహాలను కూడా పట్టుకునే రిసీవర్ ఉంటుంది. ఇంటర్నెట్‌ను హాట్‌స్పాట్‌తో పంచినట్టే జీపీఎస్‌నూ పంచుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పంచుకోవచ్చు. కాకపోతే హాట్‌స్పాట్‌కు ఉన్నట్టు దీనికి సెట్టింగుల్లో ఒక బటన్ ఉండదు. యాప్ వేసుకోవాలి, పోర్ట్ నంబర్లు (సమాచారం వచ్చిపోయే తలుపుల అంకెలు) చూసుకోవాలి, అన్నీ సరిచూసుకున్నాక కూడా ల్యాప్‌టాప్ మ్యాప్‌లో చుక్క ఎక్కడో వేరే ఊళ్లో నిలబడి ఉండొచ్చు. ఇదెందుకు ఇంత చిక్కుగా ఉందో తెలియాలంటే, పంచుకుంటున్న వస్తువేమిటో ముందు చూడాలి.

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపడం, గూగుల్ మ్యాప్స్‌లో స్నేహితులకు దారి చూపడం వేరే సంగతి. అక్కడ ఒక మనిషి ఉన్న చోటు కంపెనీ సర్వర్ మీదుగా ఇంకో మనిషికి చేరుతుంది. ఇక్కడి విషయం ఒకే మనిషి దగ్గరున్న రెండు పరికరాలది. ఒకదానికి తానెక్కడుందో తెలుసు, రెండోదానికి తెలియదు. మధ్యలో ఇంటర్నెట్ లేకపోయినా పని జరగాలి.

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఒక్కోటి 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర తన గడియారం ఎంత చూపిస్తోందో, తాను ఏ కక్ష్యలో ఉందో చెబుతూ పోతుంది. నేలకు చేరేసరికి ఆ సిగ్నల్ రిసీవర్ సర్క్యూట్లలో పుట్టే గోల కన్నా కూడా బలహీనంగా ఉంటుంది. ఏ ఉపగ్రహం ఏ వరుసలో అంకెలు పంపుతుందో రిసీవర్‌కు ముందే తెలుసు కాబట్టే ఆ గోలలోంచి దాన్ని ఏరగలుగుతుంది. లెక్కకు కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. తేల్చాల్సినవి నాలుగు మరి: అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, నాలుగోది రిసీవర్ గడియారంలోని తప్పు. రేడియో తరంగం సెకనులో పదిలక్షో వంతు కాలంలోనే 300 మీటర్లు పోతుంది. ఫోన్‌లో ఉండే చవక గడియారాన్ని నమ్మి దూరం కొలవడం కుదరదు, అందుకే దాని తప్పును కూడా లెక్కలోనే తేలుస్తారు.

ఈ నాలుగో అంకె వల్ల ఒక తమాషా జరుగుతుంది. విమానాల షెడ్లలో రిసీవర్లను పరీక్షించడానికి పైకప్పు మీద యాంటెనా పెట్టి, అది పట్టిన సిగ్నల్‌ను లోపల మళ్లీ ప్రసారం చేస్తారు. అసలు సిగ్నల్‌ను అచ్చంగా పంచడమంటే ఇదే. అప్పుడు షెడ్డులోని రిసీవర్లన్నీ, ఏ మూల ఉన్నా సరే, పైకప్పు యాంటెనా ఉన్న చోటునే తమ చోటుగా చూపిస్తాయి. పైనుంచి కిందికి వచ్చేటప్పుడు పడ్డ ఆలస్యం అన్ని ఉపగ్రహాల సిగ్నళ్లకూ ఒక్కటే. ఆ ఆలస్యాన్ని రిసీవర్ తన గడియారం తప్పుగా జమకట్టేస్తుంది. అంటే సిగ్నల్‌ను పంచినా చివరికి చేరేది యాంటెనా ఉన్న చోటే. అలాంటప్పుడు సిగ్నల్‌ను మోయడం ఎందుకు, తేలిన జవాబును పంపితే చాలదా? ఫోన్లు చేసే పని అదే. వాడుకలో జీపీఎస్ సిగ్నల్ పంచడం అంటాం గానీ పంచేది ఆ జవాబునే.

జవాబు చిన్నది. అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, వేగం, వెళ్తున్న దిశ, సమయం, తప్పు ఎంత ఉండొచ్చన్న అంచనా. సెకనుకోసారి పంపినా కొన్ని వందల అక్షరాలకు మించదు. ఎంత పాత బ్లూటూత్ అయినా దీన్ని మోయగలదు. కష్టమంతా ఇంకోచోట ఉంది. ఈ జవాబుకు వయసు ఉంటుంది, అనుమానం ఉంటుంది. ఇది ఎప్పటి మాట, ఎంతవరకు నమ్మొచ్చు అన్న రెండు సంగతులూ ఫోన్‌కు బాగానే తెలుసు. దారిలో ముందుగా జారిపోయేవి ఆ రెండే. చుక్క మాత్రం భద్రంగా అవతలికి చేరుతుంది.

1983 నాటి భాష

ఈ సమాచారాన్ని మోసే భాష పేరు ఎన్ఎంఈఏ 0183. అమెరికాలోని నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ 1983లో దీన్ని తెచ్చింది. పడవలో లోతు కొలిచే పరికరం, దిక్సూచి, ఆటోపైలట్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి పద్ధతి కావాలి. దానికోసం పుట్టిన ప్రమాణం ఇది. సెకనుకు 4,800 బిట్ల వేగంతో ఒక తీగ మీద మామూలు అక్షరాలు పోతుంటాయి. ప్రతి వాక్యం డాలర్ గుర్తుతో మొదలవుతుంది, మధ్యలో కామాలు, చివర ఒక నక్షత్రం గుర్తు, దాని తర్వాత అక్షరాలన్నిటినీ కలిపి తీసిన సరిచూపు అంకె. మొత్తం 82 అక్షరాలు దాటకూడదు.

జీజీఏ అనే వాక్యం చోటు, ఎత్తు, ఎన్ని ఉపగ్రహాలు వాడారో చెబుతుంది. ఆర్ఎంసీ వాక్యం చోటుతో పాటు వేగం, దిశ, తేదీ చెబుతుంది. జీఎస్‌వీ ఆకాశంలో కనిపించే ఉపగ్రహాల పట్టిక. నలభై ఏళ్లు దాటినా ఇవాళ్టి ఫోన్లలోని చిప్‌లు కూడా ఈ భాష మాట్లాడతాయి. మంచి భాష అయినందువల్ల కాదు, అందరికీ వచ్చినందువల్ల.

దీన్ని మొదటిసారి చదివేవాళ్లు తప్పకుండా పడే గుంట ఒకటుంది. అక్షాంశం దగ్గర 3030.0000 అని ఉంటే అది 30 డిగ్రీల 30 నిమిషాలు, అంటే 30.5 డిగ్రీలు. డిగ్రీలకు, నిమిషాలకు మధ్య ఎలాంటి గుర్తూ ఉండదు. దాన్ని 30.30 డిగ్రీలుగా చదివితే చుక్క దాదాపు 22 కిలోమీటర్లు పక్కకు పోతుంది. సొంతంగా ప్రోగ్రాం రాసుకునేవాళ్లకు చుక్క దగ్గర్లోనే ఉన్నట్టుండి ఎప్పుడూ సరైన చోట పడకపోతే ముందు చూడాల్సింది ఇదే.

బ్లూటూత్, వైఫై

పంపే దారులు ప్రధానంగా రెండు. బ్లూటూత్‌లో సీరియల్ పోర్ట్ ప్రొఫైల్ అని ఒక పాత పద్ధతి ఉంది. తీగ లేకుండానే తీగ ఉన్నట్టు రెండు పరికరాలనూ నమ్మిస్తుంది. ఫోన్లలో జీపీఎస్ లేని రోజుల్లో అగ్గిపెట్టెంత బ్లూటూత్ రిసీవర్లు విడిగా దొరికేవి. కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని చేతి కంప్యూటర్‌కు కలుపుకునేవారు. ఇప్పుడు యాప్ వేసుకున్న ఆండ్రాయిడ్ ఫోన్ ఆ అగ్గిపెట్టె వేషం కడుతుంది. ల్యాప్‌టాప్‌తో పెయిర్ చేస్తే అక్కడ తీగ పరికరాన్ని గుచ్చినట్టే ఒక కామ్ (COM) పోర్ట్ కనిపిస్తుంది, మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పోర్ట్ నంబర్ ఇస్తే సరి.

ఐఫోన్‌లో ఈ దారి మూసి ఉంది. ఆ పాత తరహా బ్లూటూత్‌ను మామూలు యాప్‌లు వాడుకోవడానికి ఆపిల్ ఒప్పుకోదు, తన దగ్గర లైసెన్స్ తీసుకున్న పరికరాలకే వదులుతుంది. అందుకే ఐఫోన్ నుంచి లొకేషన్ పంపే యాప్‌లు ఎక్కువగా వైఫైని పట్టుకుంటాయి. తక్కువ విద్యుత్‌తో నడిచే ‘బ్లూటూత్ లో ఎనర్జీ’ అనే రకంలో లొకేషన్ కోసం ప్రత్యేకంగా ఒక ప్రమాణం ఉన్నా, దాన్ని చదివే మ్యాప్ ప్రోగ్రాములు తక్కువ.

వైఫైలో అయితే ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌ను దానికి కలపడం అన్నిటికన్నా తేలిక. హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ చిరునామా ఐఫోన్‌లో 172.20.10.1. పాత ఆండ్రాయిడ్‌లలో మామూలుగా 192.168.43.1 ఉండేది. కొత్తవాటిలో ఇది మారుతూ ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ వివరాల్లో డీఫాల్ట్ గేట్‌వే అని ఉన్న అంకె చూసుకోవాలి, అదే ఫోన్. హోటళ్లు, విమానాశ్రయాల వైఫైలో ఈ ప్రయోగం తరచూ బెడిసికొడుతుంది. అక్కడ ఒక పరికరం ఇంకో పరికరాన్ని చూడకుండా రౌటర్ మధ్యలో గోడ కడుతుంది.

నౌకాయాన పటాల ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సీపీఎన్ నెట్‌వర్క్ మీద వచ్చే ఎన్ఎంఈఏ వాక్యాలను నేరుగా చదువుతుంది. వీటికి మామూలుగా వాడే పోర్ట్ 10110. లినక్స్‌లో జీపీఎస్‌డీ అని ఒక ప్రోగ్రాం ఉంది. జీపీఎస్ ఎక్కడినుంచి వచ్చినా తీసుకుని, 2947 పోర్ట్ మీద ఎన్ని ప్రోగ్రాములు అడిగితే అన్నిటికీ అందిస్తుంది. మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ దీంతో కలుస్తుంది. లినక్స్ వాడేవాళ్లకు ఈ పని మిగతావాళ్ల కన్నా సులువుగా అయిపోతుంది.

యాప్ సెట్టింగుల్లో టీసీపీ, యూడీపీ అని నెట్‌వర్క్ మీద సమాచారం పంపే పద్ధతులు రెండు కనిపిస్తాయి. చాలామంది ఏదో ఒకటి నొక్కి ముందుకు పోతారు. నిజానికి కాస్త ఆగి ఎంచుకోవాల్సిన చోటిది. టీసీపీ ఒక్క అక్షరం కూడా పోనివ్వదు. దారిలో ఏదైనా తప్పిపోతే మళ్లీ పంపిస్తుంది, వరుస తప్పనివ్వదు. ఫైళ్లు పంపడానికి అది మంచి గుణం. లొకేషన్ దగ్గర అదే ఇబ్బంది. వైఫై కొన్ని సెకన్లు తడబడితే అంతసేపటి పాత చోట్లన్నీ వరుసలో నిలబడి, తర్వాత ఒక్కసారిగా వచ్చిపడతాయి. మ్యాప్‌లో చుక్క ఆగుతుంది, ఆ వెంటనే గబగబా పరుగు తీస్తుంది. యూడీపీలో పోయింది పోయినట్టే, మరుసటి సెకను కొత్తది వస్తుంది. రెండు సెకన్ల కిందటి చోటు అందకపోతే ఎవరికీ నష్టం లేదు, అది ఇప్పటి చోటు అనుకుంటేనే నష్టం. రెండు ఎంపికలూ ఉంటే కదిలే వాహనంలో యూడీపీనే ఎంచుకోవడం మేలు.

ఎప్పటి మాట

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనులో దాదాపు 17 మీటర్లు దాటేస్తుంది. ఆరుబయట మామూలు ఫోన్ జీపీఎస్‌లో తప్పు 5 మీటర్ల లోపే ఉంటుందని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ సమాచారం చెబుతుంది. అంటే ఒక్క సెకను ఆలస్యం ఉపగ్రహాల తప్పు కన్నా మూడింతలు పెద్దది. చిప్ లెక్క కట్టడానికి కొంత, ఆపరేటింగ్ సిస్టం యాప్‌కు అందించడానికి కొంత, యాప్ వాక్యం అల్లడానికి కొంత, వైఫైకి కొంత, అవతలి ప్రోగ్రాం గీయడానికి కొంత. విడివిడిగా ఏదీ పెద్దది కాదు, కలిస్తే సెకను దాటడం వింతేమీ కాదు.

వాక్యంలోనే సమయం ఉంది కదా, చూసుకుని సవరించవచ్చు కదా అనొచ్చు. నిజమే. కానీ చాలా ప్రోగ్రాములు ఆ సమయాన్ని పట్టించుకోవు, వాక్యం అందిన క్షణమే చోటు తెలిసిన క్షణం అనుకుంటాయి. పడవలో తీగ మీద వచ్చే రోజుల్లో ఆ ఊహతో పెద్ద ఇబ్బంది లేదు. మధ్యలో ఇన్ని మజిలీలు వచ్చాక లెక్క తప్పుతోంది.

సొరంగంలోకి వెళ్లినప్పుడు ఇది ఇంకా బాగా బయటపడుతుంది. ఆర్ఎంసీ వాక్యంలో ఒక అక్షరం గడి ఉంది. ‘ఏ’ (A) అని ఉంటే చోటు నమ్మదగినది, ‘వి’ (V) అని ఉంటే కాదు. జీజీఏలో దానికి సమానంగా ఒక సున్నా వస్తుంది. సిగ్నల్ పోగానే ఫోన్ యాప్ నిజాయితీగా వి పంపాలి, అవతలి ప్రోగ్రాం అది చూసి చుక్కను బూడిద రంగులోకి మార్చాలి. కొన్ని యాప్‌లు మాత్రం చివరిసారి తెలిసిన చోటునే సెకనుకోసారి కొత్త వాక్యంగా పంపుతూ ఉంటాయి. అవతలివాళ్లకు వాహనం సొరంగం మొదట్లో ఆగిపోయినట్టు కనిపిస్తుంది.

కొందరు ఫోన్ జీపీఎస్‌ను ఇంకో కంప్యూటర్ గడియారం సరిచేయడానికి వాడదామని చూస్తారు. గంటలు, నిమిషాలు, సెకన్లు సరిపెట్టుకోవడానికి పనికొస్తుంది. అంతకన్నా సూక్ష్మంగా కావాలంటే బ్లూటూత్, వైఫైల మీద కుదరదు. ఆలస్యం ఎంతన్నది ప్రతిసారీ మారుతుంటుంది. కచ్చితమైన సమయం కావాల్సినవాళ్లు రిసీవర్ నుంచి సెకనుకొకసారి వచ్చే విద్యుత్ స్పందనను తీగ మీదే తీసుకుంటారు.

ఎంతవరకు నమ్మొచ్చు

ఫోన్ మ్యాప్‌లో నీలం చుక్క చుట్టూ ఒక వలయం కనిపిస్తుంది. అది అనుమానం గీసిన గీత. ఆండ్రాయిడ్ ఇచ్చే కచ్చితత్వం అంకెకు అర్థం, అసలు చోటు ఆ వలయంలో ఉండే అవకాశం 68 శాతం అని. పది మీటర్లని చూపిస్తే, దాదాపు మూడింట ఒక వంతు సార్లు మనిషి వలయానికి బయటే ఉంటాడు. ఇది చాలామందికి తెలియదు. అయినా వలయం ఉండటమే గొప్ప.

ఆ వలయాన్ని మోయడానికి జీజీఏ వాక్యంలో చోటు లేదు. దాని బదులు హెచ్‌డీఓపీ అని ఒక అంకె ఉంటుంది. ఉపగ్రహాలు ఆకాశమంతా పరుచుకున్నాయా, ఒకవైపే గుమిగూడాయా అన్నది మాత్రమే అది చెబుతుంది. ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి చుట్టూ తిరిగి వస్తే చోటు 50 మీటర్లు తప్పొచ్చు, హెచ్‌డీఓపీ మాత్రం చక్కగానే కనిపిస్తుంది. తప్పును మీటర్లలో చెప్పే జీఎస్‌టీ అనే వాక్యం ఎన్ఎంఈఏలో లేకపోలేదు. దాన్ని పంపే యాప్‌లు తక్కువ, చదివే ప్రోగ్రాములు ఇంకా తక్కువ.

ఇంకో మెలిక ఉంది. ఫోన్ చూపించే చుక్క ప్రతిసారీ జీపీఎస్ నుంచే వచ్చిందనుకోవడానికి లేదు. చుట్టుపక్కల వైఫై రౌటర్లు, సెల్ టవర్లు, ఫోన్లోని కదలిక సెన్సార్లు, అన్నిటినీ కలిపి ఆపరేటింగ్ సిస్టం ఒక జవాబు వండుతుంది. ఆండ్రాయిడ్‌లో యాప్‌కు రెండు దారులూ ఉన్నాయి. చిప్ పలికిన ఎన్ఎంఈఏ వాక్యాలను ఉన్నదున్నట్టు అవతలికి దాటించవచ్చు, లేదా కలిపి వండిన చోటు తీసుకుని దాంతో సొంతంగా వాక్యం అల్లవచ్చు. మొదటి రకం యాప్ ఇంట్లోకి రాగానే మూగబోతుంది. రెండో రకం ఇంట్లో కూడా మాట్లాడుతూనే ఉంటుంది, కానీ అది చెప్పేది ఉపగ్రహాల మాట కాదు. ఐఫోన్‌లో చిప్ పలికే అసలు వాక్యాలు యాప్‌లకు అందవు కాబట్టి రెండో రకం ఒక్కటే సాధ్యం. అక్కడినుంచి వచ్చిన జీజీఏలో ఎనిమిది ఉపగ్రహాలు అని ఉంటే, ఆ ఎనిమిదిని ఎవరూ లెక్కపెట్టలేదు. గడి ఖాళీగా ఉంటే అవతలి ప్రోగ్రాం ఒప్పుకోదేమోనని యాప్ నింపిన అంకె అది.

ఎత్తు సంగతి అన్నిటికన్నా గందరగోళం. జీపీఎస్ లెక్క సహజంగా ఇచ్చే ఎత్తు, భూమిని నున్నటి గుడ్డు ఆకారంగా ఊహించుకుని దాని మీదనుంచి కొలిచింది. మనం మాట్లాడుకునేది సముద్రమట్టం నుంచి. గురుత్వాకర్షణ అన్నిచోట్లా ఒకేలా లేదు కాబట్టి ఈ రెండూ కలవవు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో నీటిమట్టం ఆ ఊహారేఖకు 100 మీటర్ల కన్నా దిగువన ఉంటుంది, న్యూగినీ ప్రాంతంలో 80 మీటర్లకు పైగా ఎగువన ఉంటుంది. జీజీఏ వాక్యంలో సముద్రమట్టం ఎత్తుకు ఒక గడి, ఈ తేడాకు వేరే గడి ఉన్నాయి. ఆండ్రాయిడ్ యాప్‌లకు ఏళ్ల తరబడి అందిన ఎత్తు మాత్రం గుడ్డు ఆకారం మీదిది. సముద్రమట్టం ఎత్తును విడిగా ఇవ్వడం 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14తో మొదలైంది. తెలియని యాప్ ఒక ఎత్తును రెండోదాని గడిలో పెట్టేస్తుంది. సముద్రపు ఒడ్డున నిలబడ్డ మనిషి నీళ్లకు తొంభై మీటర్ల కింద ఉన్నట్టు ల్యాప్‌టాప్ చూపించడం వెనక కథ సాధారణంగా ఇదే.

అంతా సరిగ్గా ఉన్నా

ఫోన్ వాక్యాలు పంపుతోంది, ల్యాప్‌టాప్‌కు అందుతున్నాయి, అయినా బ్రౌజర్‌లోని మ్యాప్ మాత్రం వందల కిలోమీటర్ల దూరంలో ఇంకో నగరాన్ని చూపిస్తుంది. తప్పు ఫోన్‌ది కాదు. బ్రౌజర్ కామ్ పోర్ట్‌ను చూడదు, నెట్‌వర్క్ వాక్యాలనూ చదవదు. ఆపరేటింగ్ సిస్టంలోని లొకేషన్ సేవను అడుగుతుంది. జీపీఎస్ లేని ల్యాప్‌టాప్‌లో ఆ సేవ చుట్టూ కనిపించే వైఫై రౌటర్లను పట్టికలో వెతికి చోటు ఊహిస్తుంది. రోడ్డు మీద రౌటర్లు దొరక్కపోతే ఇంటర్నెట్ చిరునామాను బట్టి ఊహిస్తుంది. హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు ఆ చిరునామా మొబైల్ కంపెనీ గేట్‌వే ఉన్న నగరానిది. మధ్యవర్తి డ్రైవర్ ఒకటి వేసి, వస్తున్న వాక్యాలను ఆ సేవకు సెన్సార్ రూపంలో అందిస్తే తప్ప బ్రౌజర్ దారికి రాదు. కాబట్టి యాప్ ఎంచుకునే ముందే, ల్యాప్‌టాప్‌లో వాడబోయే సాఫ్ట్‌వేర్ లొకేషన్‌ను ఎక్కడినుంచి తీసుకుంటుందో చూసుకోవడం మంచిది.

ఫోన్ స్క్రీన్ ఆఫ్ అయిన కాసేపటికి అంతా ఆగిపోవడం ఇంకో సాధారణ ఫిర్యాదు. బ్యాటరీ కోసం, గోప్యత కోసం 2017లో ఆండ్రాయిడ్ 8 వెనక నడిచే యాప్‌లకు గంటకు కొన్నిసార్లే లొకేషన్ అందేలా కట్టడి చేసింది. 2019లో ఆండ్రాయిడ్ 10 ఎప్పుడూ లొకేషన్ చూడటానికి విడిగా అనుమతి అడగడం మొదలుపెట్టింది. అందుకే మంచి యాప్‌లు పైన ఒక నోటిఫికేషన్‌ను అంటిపెట్టుకుని నడుస్తాయి, అలా నడుస్తున్నంతసేపే వాటికి పూర్తి హక్కు. చిరాకనిపించి ఆ యాప్‌ను ఆపేయకూడదు. జీపీఎస్, హాట్‌స్పాట్ రెండూ గంటల తరబడి నడిస్తే బ్యాటరీ మంచులా కరిగిపోతుంది, ఛార్జర్ పెట్టక తప్పదు. ఎలాగూ కేబుల్ పెట్టాక వైర్‌లెస్ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే.

భద్రత సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఎన్ఎంఈఏలో తాళం లేదు, సంతకం లేదు. అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా ఆ వాక్యాలు చదవొచ్చు, ఎవరైనా దొంగ వాక్యాలు పంపొచ్చు. విమానం నడిపే కంప్యూటర్ ఆటలు కూడా ఇలాగే లేని విమానం ఉన్న చోటును వైఫై మీద ఐప్యాడ్‌కు పంపుతాయి, ఐప్యాడ్‌లోని పైలట్ల మ్యాప్ నిజం విమానమన్నట్టే చూపిస్తుంది. శిక్షణకు అది ఉపయోగమే. హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ ఒక్కటే ఇక్కడ కాపలా కాబట్టి దాన్ని ఊరికే ఇవ్వకూడదు.

గొడవ లేకుండా నడిచే చోట్లు

రెండు చివర్లనూ ఒకే కంపెనీ తయారుచేసిన చోట ఈ తిప్పలు తగ్గుతాయి. 2015లో వచ్చిన మొదటి ఆపిల్ వాచ్‌లో జీపీఎస్ లేదు, జేబులోని ఐఫోన్ చెప్పిందే దానికి ఆధారం. 2016లో సిరీస్ 2తో వాచ్‌కు సొంత జీపీఎస్ వచ్చింది. చవక ఫిట్‌నెస్ బ్యాండ్‌లు ఇప్పటికీ కనెక్టెడ్ జీపీఎస్ పేరుతో ఫోన్ మీదే ఆధారపడతాయి. ఫోన్ ఇంట్లో మరిచిపోయి పరుగెత్తిన రోజు అవి అడుగులు లెక్కపెట్టి దూరాన్ని అంచనా కడతాయి.

కెమెరాల్లో నికాన్ 2016లో స్నాప్‌బ్రిడ్జ్ తెచ్చింది, కానన్, సోనీలకూ సొంత యాప్‌లు ఉన్నాయి. బ్లూటూత్ లో ఎనర్జీతో ఫోన్ నుంచి చోటు అందుకుని కెమెరా దాన్ని ఫోటో ఫైల్‌లో రాసుకుంటుంది. ఫోన్ యాప్ నిద్రపోతే మాత్రం పాత చోటో, ఖాళీ గడో మిగులుతుంది. ఫోటోల విషయంలో అసలు వైర్‌లెస్ లేకుండానే ఇంతకన్నా నమ్మకమైన దారి ఒకటుంది. తిరిగిన దారినంతా ఫోన్‌లో జీపీఎక్స్ ఫైల్‌గా రికార్డు చేసి, ఇంటికొచ్చాక ఫోటో తీసిన సమయంతో జతచేయడం. అక్కడ చోటుకు సమయం ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. కెమెరా గడియారం సరిగ్గా ఉండాలి, అంతే. అది ఒక నిమిషం తప్పినా నడకలో ఎనభై మీటర్ల తేడా వస్తుంది, కానీ తర్వాత మొత్తం ఫోటోలను ఒకేసారి సవరించుకోవచ్చు. బ్లూటూత్‌లో తప్పిపోయిన చోటును అలా తిరిగి తెచ్చుకోలేం.

టెలిస్కోప్‌కు ఫోన్ నుంచి చోటు ఒక్కసారి అందితే చాలు. కిలోమీటరు తప్పినా ఆకాశంలో వచ్చే తేడా డిగ్రీలో దాదాపు నూట ఇరవయ్యో వంతు, చంద్రుడి వెడల్పులో అరవయ్యో వంతు. సమయం నాలుగు నిమిషాలు తప్పితే మాత్రం ఆకాశం ఒక డిగ్రీ తిరిగిపోతుంది. మనిషిని వెంబడించే డ్రోన్‌కు సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఫోన్ తప్పు, డ్రోన్ తప్పు, మధ్య ఆలస్యం మూడూ కలిసి చెట్టు కొమ్మ ఎంత దూరంలో ఉందో నిర్ణయిస్తాయి.

ఎదురు దారి

ఈ ప్రయాణం అటునుంచి ఇటు కూడా జరుగుతుంది. కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటోలలో కారు తన జీపీఎస్ సమాచారాన్ని ఫోన్‌కు ఇవ్వగలదు. జేబులో నలిగే యాంటెనా కన్నా కారు పైకప్పు మీది యాంటెనాకు ఆకాశం బాగా కనిపిస్తుంది, సొరంగంలో చక్రాల వేగం కూడా తోడవుతుంది.

సర్వే పనుల్లో ఇది ఇంకా ముందుకు పోయింది. ఆర్‌టీకే రిసీవర్లు దగ్గర్లోని స్థిరమైన కేంద్రం పంపే సవరణలు వాడుకుని చోటును కొన్ని సెంటీమీటర్ల వరకు తేల్చగలవు. ఆ సవరణలు ఇంటర్నెట్ మీద ఎన్‌ట్రిప్ అనే పద్ధతిలో ఫోన్‌కు వస్తాయి, ఫోన్ వాటిని బ్లూటూత్‌తో రిసీవర్‌కు పంపుతుంది, రిసీవర్ తేల్చిన చోటు అదే బ్లూటూత్ మీద వెనక్కి వస్తుంది. ఫోన్ ఇక్కడ ఒకేసారి ఇచ్చేదీ, పుచ్చుకునేదీ.

అలా వచ్చిన సెంటీమీటర్ల చోటును ఆండ్రాయిడ్‌లో మిగతా యాప్‌లన్నీ చూడాలంటే ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం ఉండే డెవలపర్ ఆప్షన్స్‌లో మాక్ (mock, అంటే నకిలీ) లొకేషన్ యాప్‌ను ఎంచుకోవాలి. దొంగ లొకేషన్ పెట్టి ఆటల్లో మోసం చేసేవాళ్లు వాడేదీ ఆ తలుపే. వచ్చిన చోటుకు మాక్ అన్న ముద్ర పడుతుంది, దాన్ని చూసి బ్యాంకింగ్, హాజరు, టాక్సీ యాప్‌లలో కొన్ని మొరాయిస్తాయి. ఫోన్ చిప్ చెప్పే ఐదు మీటర్ల చోటును ఒప్పుకునే యాప్, దానికన్నా వంద రెట్లు మేలైన చోటును తిప్పికొడుతుంది. ఆపిల్ 2021లో ఐఓఎస్ 15తో ఇక్కడ రెండు వేర్వేరు గుర్తులు పెట్టింది: ఈ చోటు సాఫ్ట్‌వేర్ పుట్టించిందా అన్నదానికి ఒకటి, బయటి పరికరం నుంచి వచ్చిందా అన్నదానికి ఇంకొకటి. ఆండ్రాయిడ్‌లో మాక్ ముద్ర ఒక్కటే ఈ రెంటికీ పడుతుంది.